చలికి పూసే ఎరుపు

మా రావమ్మక్క కాలువలోకి దిగిందంటే ఆ తర్వాత కాసేపు ఈ లోకంలో ఉండదు. పెడనలో కలంకారీ పని చేసేవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. మార్గశిరంలో మంచు ఇంకా నీళ్ళ మీద నుంచి లేవకముందే, చీర మోకాళ్ళ పైకి దోపుకుని, అచ్చులు వేసిన గుడ్డ తానులు భుజాన వేసుకుని మెట్లు దిగుతుంది. మోకాలి లోతులో నిలబడి ఒక్కో తానూ నీళ్ళ మీదికి వదులుతుంది. ఒక కొస ఆవిడ చేతిలో ఉంటుంది, మిగతాదంతా మెల్లగా విచ్చుకుని ప్రవాహం వెంట సాగుతుంది. పువ్వులూ నెమళ్ళూ తీగలూ నీళ్ళలో కదులుతుంటాయి. గుడ్డకు పట్టకుండా మిగిలిపోయిన నలుపు సన్నటి పొగలా విడిపోతూ ఉంటుంది. మంచులో అవతలి గట్టు కనపడదు. ఆ తాను ఎక్కడిదాకా వెళ్ళిందో కూడా కనపడదు. ఆవిడ మాత్రం అటే చూస్తూ నిలబడుతుంది.

నేను ఆవిడ తోడికోడల్ని, పేరు ఉషశ్రీ. అన్నదమ్ములిద్దర్నీ చేసుకుని ఒకే ఇంట్లో రెండు వాటాల్లో ఉంటున్నాం. ఒకే యూనిట్‌లో పని కూడా. నేను బల్ల దగ్గర నిలబడి గుడ్డ మీద అచ్చులు కొడతాను, అక్క వాటిని కాలువలో ఉతుకుతుంది. ఆవిడ నెమ్మదస్తురాలు. నాకు నోరెక్కువ. ఇది మా అత్తగారొక్కరే అన్న మాటైతే కొట్టిపారేద్దును, ఊరంతా అంటుంది కాబట్టి ఒప్పుకోక తప్పదు. నాకు భయం వేసినా, బాధ వేసినా, ఆఖరికి ప్రేమ పుట్టినా అది బయటికొచ్చేసరికి కోపంగానే వస్తుంది. ఏం చేస్తాం, ఒక్కొక్కళ్ళ పుట్టుక.

నీళ్ళలోంచి వచ్చాక అక్క టీ తాగుతూ నాకు కలలు చెప్పేది. నిద్రలో వచ్చినవి కావు, కాలువలో నిలబడి ఉండగా కళ్ళు తెరుచుకునే కన్నవి. "మన గుడ్డల్లోంచి విడిపోయిన రంగంతా ఎక్కడికి పోతుందనుకున్నావే? మంగినపూడి దగ్గర సముద్రంలోకే కదా. అక్కడ చేపలన్నీ మన పువ్వులు కట్టుకుని తిరుగుతున్నాయే ఉషా. ఒక పెద్ద చేపకైతే నువ్వు కొట్టిన నెమలి అంచు" అనేది. "అంచు సరిగ్గా పడిందా లేదా అది చెప్పు ముందు" అనేదాన్ని నేను. ఆవిడ కాసేపు ఆలోచించి, సరిగ్గానే పడిందని చెప్పేది. ఇట్లాంటి మనిషితో పోట్లాడటం కూడా కష్టమే.

మా ఊళ్ళో ఒంటి మీద రంగు ఉండటం వింత కాదు. నా వేళ్ళ కొసలు కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ నల్లగానే ఉన్నాయి. రంగు కాగుల దగ్గర పనిచేసే మగవాళ్ళకు మోచేతులదాకా ఎరుపు. అందుకని అక్క కాళ్ళ మీద, మోకాళ్ళ కింద నుంచి మడమలదాకా, సూది మొనతో పెట్టినట్టు ఎర్ర చుక్కలు కనపడినప్పుడు ఎవరమూ ఆశ్చర్యపోలేదు. రంగు పడింది అనుకున్నాం.

పైగా దానికి మా దగ్గర ఒక లెక్క కూడా ఉంది. మా పనిలో ఎరుపు గుడ్డంతటికీ పట్టదు. పటిక కలిపి కొట్టిన అచ్చు ఎక్కడ పడిందో అక్కడే పడుతుంది. పటిక తగలని చోటుని కాగులో పడేసి ఎంత ఉడికించినా ఎరుపు నిలవదు. మరి అక్క రోజూ నిలబడేది ఆ పటిక విడిచే నీళ్ళలోనే కదా. చర్మంలోకి పటిక ఇంకింది, దాన్ని ఎరుపు పట్టుకుంది. ఈ మాట మొదట ఎవరన్నారో గానీ అందరం నమ్మేశాం. చుక్కలు చలికాలంలో ఎర్రగా లేచేవి, ఎండాకాలానికి ఇటుక రంగుకు తిరిగి మచ్చలుగా మిగిలిపోయేవి. చలికాలంలో పని ఎక్కువ కాబట్టి రంగూ ఎక్కువ పడుతోందని దానికీ ఒక జవాబు చెప్పుకున్నాం. మా అత్తగారు మాణిక్యమ్మగారు చింతపండు పెట్టి తోమమన్నారు. నిమ్మచెక్క రుద్దమని ఒకరు, కిరసనాయిలు రాయమని ఒకరు. అక్క అన్నీ చేసింది. ఏదీ పోలేదు.

నిజం చెప్పాలంటే ఆవిడకు అది పోవాలని కూడా లేదు. "ఇన్నేళ్ళు గుడ్డలకి రంగు పట్టించాను. పోనీలే, ఇప్పుడు నాకూ పట్టింది" అని కాళ్ళు చాపుకుని చూసుకునేది. కీళ్ళు నొప్పులనీ, అరికాళ్ళలో చీమలు పాకుతున్నట్టుందనీ అప్పుడప్పుడూ అనేది. నీళ్ళలో నానే కాళ్ళు నొప్పి పెట్టకపోతే ఏం చేస్తాయి అనుకున్నాం. సాయంత్రానికి ఒళ్ళు వాలిపోయేది. వయసు యాభై దాటింది, అది మామూలే అనుకున్నాం. అనుకోవడానికి ఏం కరువు.

కిందటి వైశాఖంలో మా యూనిట్ యజమాని దుర్గాప్రసాద్ గారు కూతురు అక్షయ పెళ్ళి చేశారు. గన్నవరం వెళ్ళే దారిలో పెద్ద ఏసీ కల్యాణమండపం. పనివాళ్ళందరికీ బట్టలు పెట్టి, బస్సు మాట్లాడి తీసుకెళ్ళారు. అప్పటికి మరమ్మతుల కోసం కాలువలు కట్టేసి చాలా రోజులైంది. ఉతకడానికి నీళ్ళు లేక యూనిట్ మూతబడి ఉంది. కాగులు బోర్లించి ఉన్నాయి. ఎవరి ఒంటి మీదా కొత్త రంగు లేదు. నా వేళ్ళు కూడా కాస్త మనిషి వేళ్ళలా కనపడుతున్నాయి.

బయట రోహిణి ఎండ రోళ్ళు పగలగొడుతోంది. లోపల మాత్రం మంచుకొండ. అక్క తనకిచ్చిన లేత పసుపు పట్టుచీర కట్టుకుని సరిగ్గా ఏసీ గాలి పడే కుర్చీలో కూర్చుని, మంటపం మీద పూల తెర కదులుతుంటే దాన్నే చూస్తూ ఉండిపోయింది. సన్నాయి వినపడుతోందో లేదో కూడా తెలియదు. అక్షింతలు వేయడానికి లేచేసరికి కాళ్ళు మొద్దుబారాయంది. భోజనాల దగ్గరికి నడుస్తుంటే కుచ్చిళ్ళు జారాయి, సర్దుదామని నేను వంగాను.

కాళ్ళ నిండా ఎర్రటి చుక్కలు. పాత మచ్చలు కావు. అప్పుడే పూసినవి.

"అక్కా, ఈ రంగెక్కడిది?" అన్నాను. ఆవిడ కిందికి చూసి, "ఏమోనే, చీర రంగేమో" అంది. చీర పసుపు. నాకు ఒళ్ళు మండింది. వేలు తడి చేసుకుని ఒక చుక్క మీద గట్టిగా రుద్దాను. పోలేదు. వేలితో నొక్కితే చేతికి కాస్త ఉబ్బెత్తుగా తగిలింది. రంగు ఎక్కడైనా ఉబ్బుతుందా? కాలువ లేదు, పటిక లేదు, కాగు లేదు. ఎండాకాలంలో, చలి గదిలో, ఎవరూ అచ్చు కొట్టకుండా ఎరుపు ఎట్లా పడింది? వడ్డనవాళ్ళు విస్తర్ల ముందు నిలబడి పిలుస్తుంటే నేను అక్క కాళ్ళ దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాను. "పెళ్ళిలో ఏంటే ఇది, లే" అని ఆవిడ నన్ను లేపింది. నేను లేచి, ఎందుకో తెలియకుండానే ఆవిడ మీద అరిచాను. ఆ రోజు నేను పూర్ణం బూరె కూడా ముట్టలేదంటే నా భయం ఎంతో అర్థం చేసుకోండి.

ఆ వారంలోనే విజయవాడ తీసుకెళ్ళాను. సూర్యారావుపేటలో శ్రీలలిత గారని చర్మం డాక్టరు. చిన్న వయసే, తొందరలేని మనిషి. పటిక కథంతా నేనే చెప్పాను. ఆవిడ నవ్వకుండా విన్నది. తర్వాత ఒక గాజు బిళ్ళ తీసుకుని అక్క కాలి మీద చుక్కకు అదిమి, అందులోంచి చూడమంది. దద్దురైతే నొక్కినప్పుడు తెల్లబడుతుందట. ఇది ఎర్రగానే ఉంది.

"ఇది చర్మం మీద పడ్డ రంగు కాదమ్మా. చర్మం కింద కారిన రక్తం. లోపల సన్నటి రక్తనాళాలు దెబ్బతింటున్నాయి" అంది డాక్టరు గారు. "మీకెప్పుడైనా రక్తం ఎక్కించారా?"

"మా అబ్బాయి పుట్టినప్పుడండి. బందరులో. రక్తం ఆగలేదు, సీసాలు ఎక్కించారు. ఎవరిదో నాకు తెలీదండి. ఆ మహానుభావుడి పుణ్యమా అని బతికాను" అంది అక్క.

డాక్టరు గారు తల ఊపి పరీక్షలు రాసింది. అందులో ఒకదానికి తీసిన రక్తాన్ని చల్లారనివ్వకూడదట. ల్యాబ్ వాళ్ళు గోరువెచ్చటి నీళ్ళున్న ఫ్లాస్కులో ఆ గొట్టాన్ని పెట్టి, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు పట్టుకుపోయారు. అక్క దాని వంకే చూస్తూ, "నా రక్తానికి చలేస్తుందా అండీ?" అని అడిగింది. ల్యాబ్ అమ్మాయి కిసుక్కున నవ్వింది. నేను దానివంక ఒక చూపు చూశాను, నవ్వు ఆగిపోయింది.

రిపోర్టులు వచ్చాక మళ్ళీ వెళ్ళాం. అక్క అడిగిందే నిజమైంది. డాక్టరు గారు కాగితాలు పక్కన పెట్టి మాకు అర్థమయ్యేటట్టు చెప్పింది. లివర్‌లో హెపటైటిస్ సి అనే వైరస్ ఉంది. ఆనాడు ఎక్కించిన రక్తంలోంచే వచ్చి ఉండాలి, ఆ రోజుల్లో రక్తంలో దాన్ని పట్టుకునే పరీక్ష ఉండేది కాదు. ఏళ్ళ తరబడి చప్పుడు చేయకుండా కూర్చుంది. దానితో పోరాడటానికి ఒళ్ళు ఒకరకం మాంసకృత్తుల్ని తయారుచేస్తుంది. అవి వెచ్చగా ఉన్నంతసేపూ రక్తంలో కరిగి ఉంటాయి. చలి తగిలితే పేరుకుంటాయి.

"శీతాకాలంలో కొబ్బరినూనె పేరుకుంటుంది చూడండి, అట్లాగ. కాళ్ళలో సన్నటి నాళాల్లో అడ్డం పడి వాటిని వాచేలా చేస్తాయి. అవి చిట్లి రక్తం కారుతుంది. మీకు కనిపించే చుక్కలు అవే" అంది. "ఈ వైరస్ ఉన్నవాళ్ళలో కొందరికి నోట్లో తెల్లటి గీతలు వస్తాయి. కొందరికి ఎండ తగిలితే చేతుల మీద బొబ్బలు లేస్తాయి. లివర్ తన బాధ తను చెప్పుకోదమ్మా, చాలాసార్లు చర్మమే ముందు బయటపెడుతుంది."

"తగ్గుతుందాండీ?" అన్నాను.

"వైరస్ పోతుంది. మూడు నెలలు మాత్రలు వేసుకోవాలి. గవర్నమెంటు ఆసుపత్రిలో ఉచితంగా ఇస్తారు, నేను రాసిస్తాను. కానీ మూత్రంలో కొద్దిగా ప్రోటీన్ పోతోంది. అంటే కిడ్నీలను కూడా తాకడం మొదలైంది. ఇంక చలి తగలకూడదు, గంటలకొద్దీ నిలబడకూడదు. కాళ్ళకి పుళ్ళు పడితే మానడం కష్టం. కాలువ మానెయ్యాలి."

అప్పటిదాకా గోడ మీద క్యాలెండరు చూస్తున్న అక్క తల తిప్పింది. లివరు గురించి అడగలేదు, కిడ్నీ గురించి అడగలేదు. "మళ్ళీ ఎప్పుడు దిగొచ్చండి?" అంది.

"ముందు మిమ్మల్ని నిలబెట్టుకుందాం. దిగొచ్చో లేదో అప్పుడు చూద్దాం."

దిగొచ్చో లేదో. ఆ మాటతోనే బస్సెక్కాం. కంకిపాడు దాటేదాకా అక్క కిటికీలోంచి పక్కన పోతున్న కాలువనే చూసింది. నీళ్ళు లేవు. అడుగున బురద ఎండి పలకలు పలకలుగా లేచి ఉంది, దాని మీద కొంగలు నడుస్తున్నాయి. "ఉషా, నీళ్ళు వదిలేసరికి నేను దిగకపోతే ఎట్లాగే" అంది. "నువ్వు దిగకపోతే నీళ్ళు పారవా ఏంటి, పారతాయి" అన్నాను. అని, మొహం పక్కకు తిప్పుకున్నాను.

ఇంటికి రాగానే మా అత్తగారు పసరు మందు పోయించాలన్నారు. లివరు జబ్బంటే ఆవిడకు పచ్చకామెర్లే. పసరు వద్దని డాక్టరు గారు మరీ మరీ చెప్పారంటే ఊరుకున్నారు. బావగారికీ, అబ్బాయికీ కూడా పరీక్షలు చేయించాం. ఆ తర్వాత ఒకరోజు చూద్దును కదా, అక్క గ్లాసు, కంచం విడిగా గూట్లో పెట్టారు. అక్క ఆ గ్లాసుతోనే మంచినీళ్ళు ముంచుకుని తాగి మళ్ళీ గూట్లో పెట్టింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వెళ్ళి ఆ గ్లాసే తీసుకుని, కుండలో ముంచి, అత్తగారి ఎదురుగా నిలబడి గటగటా తాగాను.

"ఇది అన్నం వల్లా నీళ్ళ వల్లా అంటుకునేది కాదు అత్తయ్యా. రక్తంలోంచి రక్తంలోకి పోతేనే అంటుకుంటుంది. బావగారికీ, అబ్బాయికీ పరీక్ష చేశారు, ఇద్దరికీ లేదు. ఇన్నేళ్ళు ఒక కంచంలో తిన్నవాళ్ళకే రాలేదు, ఇప్పుడు గూట్లో గ్లాసు మీకేం చేస్తుంది?" అన్నాను.

"నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందే ఉషా" అన్నారావిడ.

"ఊరి సంగతి తర్వాత. ముందు ఇల్లు మంచిదవనివ్వండి."

వెనక నుంచి ఎవరో నవ్విన చప్పుడైంది. చూస్తే మా బావగారు వెంకటప్పయ్యగారు. ఏడాదికి నాలుగు మాటలు మాట్లాడే మనిషి. ఆ గ్లాసూ కంచమూ తీసుకెళ్ళి అందరివాటితో కలిపి బోర్లించి వచ్చారు. ఆ రోజు నుంచీ అక్క స్నానానికి నీళ్ళు ఆయనే కాచేవారు.

నీళ్ళు వదిలారు. మొదట ఎర్రటి కొత్తనీరు, తర్వాత తేటపడింది. కాలువ గట్ల మీద మళ్ళీ గుడ్డలు ఆరాయి. అక్క జాగాలో తెరేసమ్మ అనే ఆవిడ ఉతుకుకు దిగింది. యజమాని దుర్గాప్రసాద్ గారు మంచివారే, అక్కను మాన్పించలేదు. షెడ్డులో కూర్చోబెట్టి ఆరిన తానులు మడతలు పెట్టే పని ఇచ్చారు. జూలై ఉక్కలో, రేకుల షెడ్డు కింద, కాళ్ళకు ఉన్ని మేజోళ్ళు తొడుక్కుని కూర్చున్న మనిషిని మీరెప్పుడైనా చూశారా? స్కూలు పిల్లలు ఆగి మరీ చూసి పోయేవాళ్ళు. "అమరనాథ్ యాత్ర నుంచి ఎప్పుడొచ్చావక్కా?" అని నేను ఏడిపించేదాన్ని. ఇంతకుముందైతే దానికి కూడా ఏదో ఒక కల చెప్పేది. ఇప్పుడు చిన్నగా నవ్వి మడత వైపు చూసేది.

మాత్రలు వేళకు వేసుకునేది. చుక్కలు తగ్గుతూ వచ్చాయి. ఒళ్ళు తేలికపడింది, కీళ్ళ నొప్పులు పోయాయి. మనిషికి మాత్రం కళ తప్పింది. గంటకోసారి తల ఎత్తి కాలువ వైపు చూసి దించుకునేది. ఒంట్లో వైరస్ తగ్గుతుంటే మనిషి కూడా తగ్గిపోవడం ఏంటో నాకు అర్థమయ్యేది కాదు.

ఒక మధ్యాహ్నం జోరున వాన. కరెంటు పోయి షెడ్డంతా మసక చీకటి. బల్లల మీద పని ఆపేసి అందరూ టీకి పోయారు. నేనూ అక్కా ఆరిన తానుల గుట్ట మీద ఆనుకుని కూర్చున్నాం. గుడ్డకు పట్టించిన కరక్కాయ వాసన, తడి మట్టి వాసన. రేకుల మీద వాన చప్పుడుకు మాట కూడా కలలోంచి వచ్చినట్టే వినపడుతోంది.

"కలలు రావడం లేదే" అంది అక్క.

"రాకపోతే సుఖంగా నిద్రపో."

"నిద్రలో కాదే. నేను ఎనిమిదేళ్ళ పిల్లనప్పటి నుంచీ నన్ను పిలుస్తూనే ఉన్నారు. ఇంటికి పెద్దదాన్ని కదా. రావమ్మా, చంటాడు ఏడుస్తున్నాడు. రావమ్మా, ఎసరు మరిగింది. రావమ్మా, బర్రె తాడు తెంపుకుంది. పెళ్ళయ్యాక అత్తయ్య, మీ బావగారు, పిల్లాడు. ఆ తర్వాత నువ్వు. నువ్వైతే మరీను. అందరూ అవసరానికే పిలుస్తారు, తప్పనడం లేదు. కాలువలోకి దిగితే ఆ పిలుపులు ఆగిపోయేవి. పిలిచినా నా దాకా వచ్చేవి కావు. నీళ్ళలో నాకు పేరుండదే. ఎవరికీ ఏమీ కాను. అప్పుడే అన్నీ కనపడేవి, చేపలూ, పువ్వులూ... ఇక దిగకూడదని చెప్పేస్తే అది కూడా మర్చిపోదును. చూద్దాం అన్నదే డాక్టరమ్మ, ఆ చూద్దాం నన్ను చంపుతోంది."

నాకు సర్రున కోపం వచ్చింది. ఇంతకాలం మాకెందుకు చెప్పలేదని అడగబోయాను. అడగడానికి నోరు తెరిస్తే ఏడుపు వచ్చింది. నేను ఏడవడం చూసి అక్క కంగారుపడి, తన కొంగుతో నా మొహం తుడిచి, "ఊరుకోవే పిచ్చిదానా, ఏదో వానకి అన్నాను" అంది. ఆవిడ బాధకు ఆవిడే నన్ను ఓదార్చింది. ఏ జన్మలో ఏ పుణ్యం చేసుకుంటే ఇట్లాంటి తోడికోడలు దొరుకుతుందో నాకు తెలియదు.

మాత్రలు అయిపోయాక మరో మూడు నెలలు ఆగి మళ్ళీ పరీక్ష చేశారు. వైరస్ లేదు. శ్రీలలిత గారు ఆ మాట చెప్పినప్పుడు నేను ఆవిడ చెయ్యి పట్టుకుని వదల్లేదు. కానీ రక్తంలో పేరుకునే గుణం ఇంకా కొంచెం ఉందనీ, అది పోవడానికి టైం పడుతుందనీ అంది. ఆ చలికాలమంతా అక్క గట్టు మీద కూడా నడవలేదు. మంచు కురిసే పొద్దుల్లో దుప్పటి కప్పుకుని కిటికీ దగ్గర కూర్చునేది. మాఘంలో మళ్ళీ వెళ్ళాం. మూత్రం పరీక్ష బాగుంది. ఫ్లాస్కులో పట్టుకెళ్ళిన రక్తం ఈసారి చల్లబరిచినా పేరుకోలేదట.

"దిగొచ్చాండీ?" అంది అక్క.

"కొద్దిసేపు, పది నిమిషాలు. బాగా ఎండ పొడిచాక. కాళ్ళు తిమ్మిరెక్కకముందే బయటికి రావాలి. అట్లా కొన్నాళ్ళు చూద్దాం, చుక్కలు రాకపోతే మెల్లగా పెంచుదాం" అని, నా వైపు తిరిగి, "నీళ్ళలో ఆవిడకి టైం తెలియదంటున్నారు కదా. మీరు ఒడ్డున ఉండి, టైం అవగానే పిలవండి" అంది డాక్టరు గారు.

సరేనండీ అన్నాను. ఆసుపత్రి మెట్లు దిగుతూ అక్క నా భుజం మీద చెయ్యి వేసింది, అంతే.

మర్నాడు ఎండెక్కాక వెళ్ళాం. తెరేసమ్మ ఒక తాను తెచ్చి అక్క భుజాన వేసి పక్కకు తప్పుకుంది. నేను మెట్ల మీద తువ్వాలు, వేడినీళ్ళ ఫ్లాస్కు పెట్టుకుని సెల్‌ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాను. అక్క మేజోళ్ళు విప్పి ఒకదాని మీద ఒకటి పెట్టింది. మెట్టు మెట్టుకీ ఆగుతూ దిగింది. నీళ్ళు మడమలకు తగిలినప్పుడు ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. నడిచి, తన చోటికి వెళ్ళి, తాను వదిలింది.

గుడ్డ విచ్చుకుంది. ఎండకు కాలువంతా వెలుగుతోంది. తీగలు ఒకదాని వెనక ఒకటి ఆవిడ చేతిలోంచి బయల్దేరి వెళ్తున్నాయి. నలుపు పొగ విడిపోయి, పల్చబడి, ఎటో పోతోంది. అక్క భుజాలు మెల్లగా దిగాయి. తల కొంచెం పక్కకు ఒరిగింది. మొహం నాకు కనపడటం లేదు, కనపడనక్కర్లేదు కూడా. ఆవిడ వెళ్ళిపోయిందని వీపు చూస్తేనే తెలుస్తోంది. అవతలి గట్టు మీద ఎవరో సైకిల్ ఆపుకుని చూస్తున్నారు. గాలి లేదు. నాక్కూడా కాసేపు ఏమీ గుర్తు లేదు.

ఫోన్ చూసుకుంటే టైం అయిపోయింది.

పిలుద్దామని నోరు తెరిచాను. అక్కా అనే మాట గొంతుదాకా వచ్చింది. పిలిస్తే ఏమవుతుందో నాకు తెలుసు. భుజాలు బిగుసుకుంటాయి, తల తిరుగుతుంది, వస్తున్నానే అంటుంది. కాపురానికొచ్చిన నాటి నుంచీ ఆ మొహం చూస్తూనే ఉన్నాను. ఇన్ని నెలలు ఆగి, అన్ని మాత్రలు మింగి వెళ్ళిన చోటు నుంచి మళ్ళీ ఆ పేరు పెట్టి ఎట్లా లాక్కురాను? పిలవకపోతే ఆ కాళ్ళు ఏమవుతాయి? నోరు తెరుచుకుని అట్లాగే ఉండిపోయాను. నాకు నోరెక్కువని ఊరంతా అంటుంది, ఆ పూట ఎవరైనా చూసి ఉంటే బాగుండేది.

నాకు నీళ్ళంటే భయం. ఈ ఊరికొచ్చాక ఆ కాలువలో పాదం కూడా తడపలేదు. చీర పైకి దోపుకుని మెట్లు దిగాను. అడుగున మెత్తటి బురద కాళ్ళను పట్టుకుని లాగింది. రెండు చేతులూ గాల్లో ఆడిస్తూ, చప్పుడు కాకుండా అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్ళి అక్క పక్కన నిలబడ్డాను. నీళ్ళు తేటగా ఉన్నాయి. ఆవిడ కాళ్ళు కనపడుతున్నాయి. పాత మచ్చలున్నాయి. కొత్త ఎరుపు ఎక్కడా లేదు.

తాను కొసలో సగం నేను పట్టుకున్నాను. ఇద్దరం అటే చూశాం. కాసేపటికి అక్క ఎవరూ లేపకుండా తనంతట తనే మేలుకున్నట్టు పక్కకు తిరిగి నన్ను చూసింది.

"ఎంతసేపైందే?"

"చాలాసేపైంది."

"మరి పిలవకపోయావా?"

అక్క నా మొహంలోకి చూసింది. చూసి, తాను మెల్లగా లాక్కుని భుజాన వేసుకుని, నా చెయ్యి పట్టుకుని, నాకు భయమని ఒక్కో అడుగూ ఆగుతూ ఒడ్డుకు నడిపించుకొచ్చింది.